థర్మల్ బిల్లులో తెలుగు పేర్లు: అక్షరాల వెడల్పు ఎలా కొలిచినా కాలమ్‌లు జరిగిపోతున్నాయి

పలాస_కౌంటర్

నమస్కారమండి. పలాసలో జీడిపప్పు టోకు కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం ఇది. పైథాన్, పిల్లో 10 (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ), విండోస్, 80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్. ప్రింటర్‌లో తెలుగు కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) లేదు కాబట్టి బిల్లంతా బొమ్మగా గీసి రాస్టర్ కమాండ్‌తో (చుక్కల బొమ్మని పంపే ఆదేశం) పంపుతున్నాను. బొమ్మ వెడల్పు 576 చుక్కలు.

లైనుకి నాలుగు కాలమ్‌లు: సరుకు పేరు, కిలోలు, రేటు, మొత్తం. పేరుని పైథాన్ ఎల్‌జస్ట్ ఫంక్షన్‌తో 24 అక్షరాలకి స్పేస్‌లు నింపి, పక్కన అంకెలు చేర్చి, లైనంతా ఒకే స్ట్రింగ్‌గా గీస్తున్నాను. "జీడిపప్పు గుండు", "జీడిపప్పు బద్ద", "నూక" అనే మూడు లైన్లలో అంకెలు మూడు చోట్ల మొదలవుతున్నాయి. ఇంగ్లీషు పేర్లకీ కాస్త తేడా వస్తోంది గానీ తెలుగులో మరీ ఎక్కువ.

స్పేస్‌లు మానేసి, స్ట్రింగ్‌లోని ఒక్కో అక్షరాన్నీ పిల్లోలోని టెక్స్ట్‌లెంగ్త్ ఫంక్షన్‌తో కొలిచి కూడి చూశాను. "జీడిపప్పు" పదాన్ని ఒక్కసారే కొలిస్తే వచ్చే సంఖ్యకీ ఈ కూడికకీ పొంతన లేదు. పిల్లోలోనే ఉన్న టెక్స్ట్‌బీబాక్స్ ఫంక్షన్ ఇంకో సంఖ్య ఇస్తోంది. పైగా ప్రివ్యూలో "పప్పు" రాసినప్పుడు పవత్తు కిందకి దిగడం లేదు. మొదటి ప మీద పొల్లు కనిపిస్తూ రెండో ప పక్కన నిలబడుతోంది.

ఈ మూడు సంఖ్యల్లో ఏది నమ్మాలి? అంకెలన్నీ ఒకే గీతకి ఆనాలంటే ఏం చెయ్యాలి?

నాగావళి

వత్తు కిందకి దిగడం లేదంటే మీ పిల్లో తెలుగుకి షేపింగ్ (అక్షరాల్ని కలిపి సరైన ఆకారాల్లో పేర్చడం) చెయ్యడం లేదు. ముందు అది సరిచెయ్యాలి. అప్పటిదాకా ఏ కొలతా నిజం కాదు, ఎందుకంటే తప్పుగా పేర్చిన బొమ్మల వెడల్పే మీకు వస్తోంది.

పిల్లోలో లేఅవుట్ ఇంజన్లు (అక్షరాల్ని పేర్చే భాగాలు) రెండు: బేసిక్, రాక్మ్. బేసిక్ ఒక్కో కోడ్‌పాయింటుకీ (యూనికోడ్‌లో ఒక గుర్తుకిచ్చిన నంబరు) ఫాంటులో ఉన్న గ్లిఫ్ (గీసే ఆకారం) తెచ్చి ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగుకి వత్తులు దించడం, గుణింతాన్ని హల్లుతో కలపడం కావాలి, అది హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీ పని. రాక్మ్ వెనక ఉండేది హార్ఫ్‌బజ్‌యే. పిల్లో ఫీచర్స్ మాడ్యూల్‌లో చెక్ ఫంక్షన్‌కి "రాక్మ్" పేరు ఇచ్చి చూడండి. విండోస్‌లో ఫాల్స్ వస్తే చాలాసార్లు కారణం ఫ్రిబిడి డీఎల్‌ఎల్ (రాక్మ్‌కి కావాల్సిన లైబ్రరీ ఫైలు) దొరక్కపోవడమే. ఆ ఫైలుని ప్రోగ్రాం వెతికే దారిలో పెట్టి ప్రోగ్రాంని మూసి తెరవండి.

రాక్మ్ లేకపోయినా పిల్లో ఆగిపోదు, బేసిక్‌కి దిగిపోయి పని కానిచ్చేస్తుంది. అందుకే కొలిచే చోటా గీసే చోటా లాంగ్వేజ్ ఆర్గ్యుమెంట్‌గా తెలుగు కోడ్ ఇవ్వండి. రాక్మ్ లేని మెషీన్‌లో ఆ ఆర్గ్యుమెంట్ ఇస్తే ఎర్రర్ వస్తుంది. కొట్టులో కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు తప్పు బిల్లు బయటికి పోకుండా అది కాపలా.

ఇక అక్షరాలు విడివిడిగా కొలిస్తే ఎందుకు కుదరదో "జీడిపప్పు"లోనే చూడండి. కంటికి నాలుగు అక్షరాలు: జీ, డి, ప, ప్పు. మెమరీలో తొమ్మిది కోడ్‌పాయింట్లు: జ, గుడి దీర్ఘం, డ, గుడి, ప, ప, పొల్లు, ప, కొమ్ము. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) 27 బైట్లు. మీ ఎల్‌జస్ట్ లెక్కపెట్టేది తొమ్మిదిని. "నూక"కి అదే లెక్కలో మూడు. అంటే "నూక" తర్వాత 21 స్పేస్‌లు, "జీడిపప్పు" తర్వాత 15. కాగితం మీద ఆ ఆరు స్పేస్‌ల తేడాకీ ఈ రెండు పేర్ల వెడల్పుల తేడాకీ ఏ సంబంధమూ లేదు.

రాక్మ్ వచ్చాక కూడా విడిగా కొలిస్తే ఇంకో చిక్కుంది. గుడి, కొమ్ము, పొల్లు ఒంటరిగా వస్తే హార్ఫ్‌బజ్ వాటికి ఆధారంగా చుక్కల వలయం ఒకటి తెచ్చి పెడుతుంది, ఫాంటులో ఆ గ్లిఫ్ ఉంటే. అంటే ఒక్కో గుణింతపు గుర్తుకీ లేని వలయం వెడల్పు మీ మొత్తంలో కలుస్తుంది. "జీడిపప్పు"లో నాలుగు గుర్తులున్నాయి, నాలుగు వలయాలు.

"శ్రీ" చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. టైపు చేసే వరస శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. గీసే వరసలో గుడి దీర్ఘం శ మీదకి పోయి "శీ" ఒక గ్లిఫ్ అవుతుంది, పొల్లూ ర కలిసి క్రావడి అవుతాయి. నాలుగు కోడ్‌పాయింట్లు రెండు గ్లిఫ్‌లయ్యాయి, వరసా మారింది. వాటిలో "ర వెడల్పు" అనేది ఎక్కడా లేదు. వెడల్పు అన్నది షేపింగ్ అయిపోయిన వరసకి ఉంటుంది, అక్షరానికి కాదు. కాబట్టి పదాన్నో లైనునో మొత్తంగా షేపింగ్‌కి ఇచ్చి, బయటికి వచ్చిన గ్లిఫ్‌ల అడ్వాన్స్‌లు కూడాలి.

మీరడిగిన సంఖ్యల సంగతి. టెక్స్ట్‌లెంగ్త్ ఇచ్చేది అడ్వాన్స్: ఈ పదం అయ్యాక కలం ఎంత దూరం జరగాలో ఆ దూరం. టెక్స్ట్‌బీబాక్స్ ఇచ్చేది సిరా అంతా పట్టే పెట్టె. గ్లిఫ్‌కి రెండు పక్కలా వదిలిన ఖాళీ అడ్వాన్స్‌లో ఉంటుంది, సిరాలో ఉండదు. ఉల్టాగా, గీత అడ్వాన్స్ దాటి బయటికి పొడుచుకు రావడమూ ఉంటుంది. తెలుగులో పెద్ద వత్తులతో ఇది మామూలే: ఫాంటుని బట్టి కొన్ని వత్తులకి అడ్వాన్స్ సున్నా, హల్లు కిందే ఒదుగుతాయి, యవత్తులాంటివి కుడికి సాగి సొంత అడ్వాన్స్ తీసుకుంటాయి. పక్కన ఇంకోటి చేర్చాలన్నా, కాలమ్‌లో పడుతుందో లేదో చూడాలన్నా అడ్వాన్స్. అంచున తెగుతుందేమో చూడాలంటే పెట్టె. కొట్టు పేరు సరిగ్గా మధ్యలో కనిపించాలంటే కూడా పెట్టె: 576 లోంచి (కుడి − ఎడమ) తీసేసి, సగం చేసి, అందులోంచి మళ్లీ ఎడమ విలువ తీసేస్తే గీయాల్సిన ఎక్స్ వస్తుంది. ఆ చివరి తీసివేత చాలామంది వదిలేస్తారు, పేరు రెండు మూడు చుక్కలు పక్కకి పోతుంది.

కాలమ్‌ల విషయానికొస్తే, లైనంతా ఒకే స్ట్రింగ్‌గా గీయడం మానెయ్యండి. నాలుగు గడులు నాలుగు సార్లు గీయండి. పేరుకి యాంకర్ (ఇచ్చిన చోటుకి ఆనే బిందువు) "ఎల్‌ఎస్" (ఎడమ, బేస్‌లైన్ అంటే అక్షరాలు నిలబడే గీత), ఎక్స్ = 4. అంకెలకి యాంకర్ "ఆర్‌ఎస్" (కుడి, బేస్‌లైన్), కుడి అంచులు 330, 440, 572. అప్పుడు అంకెల గడికి వెడల్పు కొలవాల్సిన పనే లేదు, పిల్లోనే కుడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటుంది. అసలు యాంకర్ ఇవ్వకపోతే పైఅంచు నుంచి మొదలవుతుంది, అప్పుడు వేరే ఫాంటు లేదా వేరే సైజు వాడిన గడి పైకో కిందకో జరుగుతుంది.

ఆమదాలవలస_లైన్

ఇంత తతంగం ఎందుకండీ, మోనోస్పేస్ (అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న) తెలుగు ఫాంటు ఒకటి పెట్టేస్తే ఇంగ్లీషు బిల్లులాగే 48 గడుల లెక్క నడుస్తుంది కదా?

చంపావతి

నడవదండి. ఆ 48 ఎక్కడిదంటే, థర్మల్ ప్రింటర్ సొంత అక్షరం 12 చుక్కల వెడల్పు, 24 ఎత్తు. 576ని 12తో భాగిస్తే 48. 58 మిల్లీమీటర్ల కాగితానికి ముద్రించే వెడల్పు 384 చుక్కలు, అందుకే 32. అది ప్రింటర్‌లోనే ఉన్న లాటిన్ అక్షరాలకి చెల్లే లెక్క. తెలుగులో "క్ష్మి", "ర" రెండింటినీ ఒకే గడిలో ఇరికిస్తే ఒకటి నలిగిపోతుంది, ఇంకోటి ఒంటరిగా తేలుతుంది. పైగా గడి ఒక కోడ్‌పాయింటుకా, ఒక గ్లిఫ్‌కా, ఒక అక్షరానికా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

అంకెలకి మాత్రం మీ మాట సరైనదే. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 లావుగా ఉంటాయి. కుడి అంచుకి ఆనించినా పైలైను పైసలూ కిందలైను పైసలూ ఒకదాని కింద ఒకటి పడవు. ఫాంటులో "టీనమ్" ఫీచర్ ఉంటే ఫీచర్స్ లిస్టులో ఇవ్వండి, అంకెలన్నీ ఒకే వెడల్పుకి వస్తాయి. లేకపోతే సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కోటి కొలిచి చూడండి. పది సంఖ్యలూ ఒకటే అయితే దిగుల్లేదు. కాకపోతే అంకెలకి వేరే ఫాంటు పెట్టండి.

రూపాయి గుర్తు మర్చిపోకండి. ₹ యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. అంతకు ముందు తయారై తర్వాత మార్చని ఫాంట్లలో అది ఉండదు. పిల్లో ఇంకో ఫాంటులో వెతకదు, ఖాళీ డబ్బా గీస్తుంది, కొలతలోనూ ఆ డబ్బా వెడల్పే ఇస్తుంది. ఫాంటుని మార్చినప్పుడల్లా బిల్లులో వాడే గుర్తులన్నీ ఫాంటు సీమ్యాప్‌లో (ఏ కోడ్‌పాయింటుకి ఏ గ్లిఫో చెప్పే పట్టిక) ఉన్నాయో లేదో ఒకసారి చూసే చిన్న ఫంక్షన్ రాసి పెట్టుకోండి.

ఇప్పుడు రౌండింగ్. ఉదాహరణకి ఒక ఫాంటులో ఎం (ఫాంటు సైజుకి సమానమైన కొలత) 1000 యూనిట్లు, అంకె అడ్వాన్స్ 572 అనుకుందాం. 24 పిక్సెళ్ల సైజులో 572 × 24 ÷ 1000 = 13.728 చుక్కలు. హింటింగ్ (గీతల్ని పిక్సెళ్లకి సర్దడం) ఉంటే ఫ్రీటైప్ (పిల్లో ఫాంట్లు గీయడానికి వాడే లైబ్రరీ) దీన్ని 14 చేసేస్తుంది. అంకెకి 0.272 ఎక్కువ. 40 అక్షరాల లైనులో దాదాపు 11 చుక్కలు. 203 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ప్రింటర్‌కి మిల్లీమీటరుకి 8 చుక్కలు కాబట్టి మిల్లీమీటరు పైమాటే. ఒక చోట రౌండ్ చేసిన అడ్వాన్స్‌తో కొలిచి, ఇంకో చోట చెయ్యని అడ్వాన్స్‌తో గీస్తే ఈ తేడా బయటపడుతుంది. లోపల ఫ్రీటైప్ 64వ వంతుల్లో లెక్కిస్తుంది, 13.728 అక్కడ 879 అవుతుంది. ఆ సంఖ్యల్ని అలాగే కూడుకుంటూ పోయి, చివర గీసే చోట ఒక్కసారే పూర్ణాంకం చెయ్యాలి. ఒక్కో గ్లిఫ్‌కీ 64తో భాగించి పూర్ణాంకం చేస్తే పైన చెప్పిన తేడా మీరే చేతులారా తెచ్చుకున్నట్టు.

ఇంకోటి, బొమ్మ మోడ్. మీరు గ్రే బొమ్మ మీద కొలిచి, ఒక బిట్ (నలుపు, తెలుపు మాత్రమే ఉన్న) బొమ్మ మీద గీస్తున్నారా? పిల్లో డ్రా ఆబ్జెక్టు బొమ్మ మోడ్‌ని బట్టి ఫాంట్ మోడ్ ఎంచుకుంటుంది, దాన్ని బట్టి హింటింగ్ తీరూ మారుతుంది. కొలతకీ గీతకీ ఒకే డ్రా ఆబ్జెక్టు వాడండి. అలాగే స్క్రీన్ కోసం 96 డీపీఐలో కొలిచి 203 ÷ 96 తో గుణించి ప్రింటర్‌కి వాడకండి. హింటింగ్ ఉన్న కొలత సైజుతో పాటు సమానంగా పెరగదు.

నేనైతే గ్రేలో గీసి తర్వాత ఒక హద్దు దగ్గర నలుపు, తెలుపుగా విడగొడతాను. 128 దగ్గర విడగొడితే తెలుగు సన్న గీతలు ఎగిరిపోతాయి. 160 కంటే ముదురుగా ఉన్న ప్రతి పిక్సెల్నీ నలుపు చేస్తే నిలబడతాయి. ఫాంటు బరువు కూడా రెగ్యులర్ కన్నా మీడియం మేలు. తెలుగుకి 28 పిక్సెళ్లు, అంటే మూడున్నర మిల్లీమీటర్లు, తక్కువలో తక్కువ పెట్టండి. 24లో "ద్ద", "ధ్ధ" వత్తుల తేడా థర్మల్ కాగితం మీద కనిపించదు.

రాజాం_డాట్‌నెట్

సీ షార్ప్‌లో ఇదే పని చేసేవాళ్లకి: గ్రాఫిక్స్ క్లాసులోని మెజర్‌స్ట్రింగ్ మామూలుగా రెండు పక్కలా ఎంలో ఆరో వంతు చొప్పున అదనపు ఖాళీ కలుపుతుంది. రెండు ముక్కలు కొలిచి పక్కపక్కన పెడితే మధ్యలో సందు వస్తుంది. స్ట్రింగ్‌ఫార్మాట్‌లో జెనెరిక్‌టైపోగ్రాఫిక్ ఇస్తే ఆ ఖాళీ పోతుంది. చివరి స్పేస్‌లు లెక్కలోకి రావాలంటే మెజర్‌ట్రెయిలింగ్‌స్పేసెస్ ఫ్లాగు కూడా కలపాలి. టెక్స్ట్‌రెండరర్‌తో గీస్తే టెక్స్ట్‌రెండరర్‌తోనే కొలవాలి, నోప్యాడింగ్ ఫ్లాగుతో. టెక్స్ట్‌రెండరర్ వాడేది జీడీఐ, గ్రాఫిక్స్ క్లాసు వాడేది జీడీఐ ప్లస్ (విండోస్‌లో గీసే రెండు వ్యవస్థలు), రెండింటి లెక్కలూ వేరు. డైరెక్ట్‌రైట్‌లో (విండోస్‌లో టెక్స్ట్ గీసే ఇంకో వ్యవస్థ) టెక్స్ట్‌లేఅవుట్ మెట్రిక్స్‌లో వెడల్పు రెండు రకాలు: చివరి ఖాళీలు కలిపినది, కలపనిది. కుడికి ఆనించేటప్పుడు కలపనిది తీసుకోండి.

ఆండ్రాయిడ్‌లో పెయింట్ మెజర్‌టెక్స్ట్ అడ్వాన్స్ ఇస్తుంది, గెట్‌టెక్స్ట్‌బౌండ్స్ సిరా పెట్టెని పూర్ణాంకాల్లో ఇస్తుంది. పేర్లు వేరు గానీ నాగావళి గారు చెప్పిన తేడాయే.

పలాస_కౌంటర్

చాలా థాంక్స్ అందరికీ. రాక్మ్ చెక్ ఫాల్సే వచ్చింది. ఫ్రిబిడి పెట్టాక "పప్పు" కుదిరింది, గడులు విడిగా గీస్తే అంకెలు ఒకే గీతకి ఆనాయి.

పేర్లు పొడవైనప్పుడు లైను విరగ్గొట్టడానికి యూహార్ఫ్‌బజ్‌తో (హార్ఫ్‌బజ్‌కి పైథాన్ రూపం) నేరుగా క్లస్టర్లు (విడదీయకూడని అక్షర గుంపులు) తీస్తున్నాను. అక్కడ కొత్త సమస్య. "జీడిపప్పు గుండు" సరిగ్గా వస్తోంది. పేరు ముందు ఇంగ్లీషు అక్షరంతో గ్రేడు, డబ్ల్యూ 240 లాగా, ఉంటే ఆ లైనులో వత్తులు మళ్లీ విడిపోతున్నాయి. రాక్మ్‌తో అదే స్ట్రింగ్ బాగానే ఉంది. వెడల్పు కూడా రెండింటికీ వేరుగా వస్తోంది.

నాగావళి

బఫర్‌కి (షేపింగ్‌కి స్ట్రింగ్ ఇచ్చే పెట్టె) స్క్రిప్టు, అంటే లిపి, మీరు చెప్పకుండా గెస్ ఫంక్షన్‌కి వదిలేసి ఉంటారు. అది స్ట్రింగ్‌లో మొదట ఏ స్పష్టమైన లిపి కనిపిస్తే ఆ లిపే మొత్తానికి అనుకుంటుంది. ముందు ఇంగ్లీషు అక్షరం వస్తే తెలుగు భాగానికి కూడా లాటిన్ పద్ధతే నడుస్తుంది, వత్తుల నియమాలు అసలు మొదలే కావు. హార్ఫ్‌బజ్ లిపుల్ని విడగొట్టదు, ఆ బాధ్యత పిలిచేవాళ్లది. రాక్మ్ ఆ విడగొట్టడం లోపల చేసుకుంటుంది కాబట్టి అక్కడ బాగుంది.

చెయ్యాల్సింది: స్ట్రింగ్‌ని లిపి మారే చోట ముక్కలు చెయ్యండి. అంకెలు, స్పేస్, చుక్క, గీత ఏ లిపికీ చెందవు, వాటిని ముందున్న ముక్కలోనే ఉంచండి. స్ట్రింగ్ మొదట్లోనే వస్తే తర్వాతి ముక్కకి ఇవ్వండి. ఒక్కో ముక్కకీ స్క్రిప్టు, భాష, దిశ మూడూ మీరే పెట్టండి. ముక్కల అడ్వాన్స్‌లు కూడితే లైను వెడల్పు. ఒక్కటి గుర్తుంచుకోండి, లిపి మారని చోట ఇలా ముక్కలు చేసి కూడకూడదు. పదం మధ్యలో కోస్తే కెర్నింగూ (జంట అక్షరాల మధ్య దూరం సర్దడం) వత్తూ రెండూ పోతాయి.

యూహార్ఫ్‌బజ్ కొలతలు పిల్లోతో పోల్చే ముందు స్కేలు చూసుకోండి. ఫాంటుకి స్కేలు పెట్టకపోతే సంఖ్యలు ఫాంటు యూనిట్లలో వస్తాయి: ఎం 1000 ఉన్న ఫాంటుకీ 2048 ఉన్న ఫాంటుకీ వేరు. పిక్సెళ్లు కావాలంటే సైజుతో గుణించి ఎం యూనిట్లతో భాగించాలి. అలా వచ్చింది హింటింగ్ లేని కొలత. పిల్లో హింటింగ్‌తో గీస్తుంటే ఒకటి రెండు చుక్కల తేడా మిగులుతుంది, అది బగ్ కాదు. విరగ్గొట్టే చోటు హార్ఫ్‌బజ్‌తో తేల్చుకుని, తేలిన లైనుని టెక్స్ట్‌లెంగ్త్‌తో మళ్లీ ఒకసారి సరిచూసుకుంటే చాలు.

హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ కమాండ్ చాలా ఉపయోగం. ఫాంటు ఫైలూ "శ్రీకాకుళం" అన్న పదమూ ఇవ్వండి. ఒక్కో గ్లిఫ్‌కీ పేరు, సమానం గుర్తు తర్వాత క్లస్టర్ నంబరు, కూడిక గుర్తు తర్వాత అడ్వాన్స్ చూపిస్తుంది. పదంలో పది కోడ్‌పాయింట్లున్నా క్లస్టర్లు 0, 4, 6, 8 మాత్రమే కనిపిస్తాయి: శ్రీ, కా, కు, ళం. లైను విరగ్గొట్టడానికైనా, కర్సర్ నిలపడానికైనా ఆ నాలుగే చోట్లు. మీరు యూటీఎఫ్-8 బైట్లుగా బఫర్‌కి ఇస్తే అవే 0, 12, 18, 24 అవుతాయి. పైథాన్ స్ట్రింగ్‌ని ఆ నంబర్లతో కోస్తే ఎక్కడో తెగుతుంది. ఎలా ఇస్తున్నారో చూసుకోండి.

విరగ్గొట్టే వరస: ముందు స్పేస్‌ల దగ్గర చూడండి. పదాల్ని ఒక్కోటి చేర్చుతూ, చేర్చిన ప్రతిసారీ లైను మొత్తాన్ని కొలవండి. 232 చుక్కలు దాటితే చివరి పదాన్ని కిందకి దింపండి. ఒక్క పదమే దాటితే క్లస్టర్ అంచున కోసి, రెండు ముక్కల్నీ మళ్లీ విడిగా షేపింగ్ చేయించండి. పాత గ్లిఫ్‌లనే రెండు లైన్లకి పంచకండి. అసలు నా సలహా, పేరుని ఒక పూర్తి లైనుకి వదిలేసి అంకెల్ని దాని కింద లైనులో పెట్టండి. 576 చుక్కల్లో మీ సరుకు పేర్లు కొయ్యాల్సిన అవసరమే రాదు, కాగితం కాస్త ఎక్కువ పోతుంది అంతే.

అక్షరాల లెక్క కోసం గ్రాఫీమ్ (కంటికి ఒకటిగా కనిపించే అక్షరం) లైబ్రరీ వాడితే దాని యూనికోడ్ వెర్షన్ చూడండి. 2023లో వచ్చిన 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరం ఒకే గ్రాఫీమ్. అంతకు ముందు "శ్రీ"ని "శ్", "రీ" అని రెండుగా లెక్కపెట్టేది. పాత లైబ్రరీతో కోస్తే లైను చివర "శ్" మిగిలి కింద లైనులో "రీ" మొదలవుతుంది.

తోటపాలెం_డిజైన్

బ్రౌజర్‌లో ప్రివ్యూ చూపించేవాళ్లకి రెండు మాటలు. ఒకటి, క్యాన్వాస్ మెజర్‌టెక్స్ట్ (బ్రౌజర్‌లో వెడల్పు కొలిచే ఫంక్షన్) ఫాంటు దిగకముందే పిలిస్తే ఎర్రర్ రాదు, సిస్టంలో దొరికిన వేరే ఫాంటు వెడల్పు ఇచ్చేస్తుంది. ఫాంటు లోడ్ అయ్యేదాకా ఆగాలని చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, డాక్యుమెంట్ ఫాంట్స్ లోడ్ ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే అది ఒక స్పేస్ కోసం మాత్రమే ఫాంటు తెస్తుంది. గూగుల్ ఫాంట్లు లాటిన్ ఒక ఫైలు, తెలుగు ఒక ఫైలుగా వస్తాయి. స్పేస్ లాటిన్ ఫైలులో ఉంటుంది, అది దిగగానే "అయిపోయింది" అంటుంది, తెలుగు ఫైలు ఇంకా దిగలేదు. రెండో ఆర్గ్యుమెంటులో ఒక తెలుగు అక్షరం ఇవ్వండి.

రెండు, అక్షరాల మధ్య ఖాళీ. పెళ్లి కార్డుల్లో పేర్లు విశాలంగా కనిపించాలని ఒక్కో గ్లిఫ్ తర్వాతా రెండేసి పిక్సెళ్లు కలిపే కోడ్ తరచూ కనిపిస్తుంది. హల్లుకీ వత్తుకీ మధ్య కూడా ఆ రెండు చేరి వత్తు కుడికి జారుతుంది. ఖాళీ కలపాల్సింది క్లస్టర్ చివర మాత్రమే, లైనులో ఆఖరి క్లస్టర్ తర్వాత వద్దు. "విజయనగరం"లో కోడ్‌పాయింట్లు 8, క్లస్టర్లు 6, కాబట్టి ఖాళీలు 5. రెండు పక్కలా సమంగా సర్దే పనికైతే తెలుగులో పదాల మధ్య ఖాళీనే పెంచండి, అక్షరాల మధ్య ముట్టుకోకండి.

డివ్ వెడల్పు చదివేటప్పుడు ఆఫ్‌సెట్‌విడ్త్ పూర్ణాంకం ఇస్తుంది. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ దశాంశాలతో ఇస్తుంది, అది వాడండి.

చంపావతి

కొలిచే ముందు స్ట్రింగ్‌ని ఒక్కసారి శుభ్రం చేసుకోవడం కూడా మంచిది. "మైదా"లో ఐత్వాన్ని కొన్ని కీబోర్డులు ఒకే కోడ్‌పాయింటుగా, కొన్ని ఎత్వం, కింది గుర్తు అని రెండుగా ఇస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే, సెర్చ్‌లోనూ క్యాష్‌లోనూ వేరు. ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్ చెప్పిన కలిపిన రూపం) మార్చేస్తే ఒకటే అవుతాయి. అయితే శుభ్రం పేరుతో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని (వత్తు కలవకుండా ఆపే గుర్తు) తీసెయ్యకండి. "ప్యాక్‌లు"లో అది పోతే కకి లవత్తు పడి "ప్యాక్లు" అవుతుంది, పదం ఆకారమూ వెడల్పూ రెండూ మారతాయి. కొలిచిన స్ట్రింగూ గీసిన స్ట్రింగూ బైటు బైటుకీ ఒకటే ఉండాలి.

పలాస_కౌంటర్

లిపి మారే చోట ముక్కలు చేశాక కుదిరిందండి, వెడల్పులు ఒక చుక్క తేడాలో ఉన్నాయి. పేరు పైలైను, అంకెలు కిందలైను పద్ధతికి మార్చాను. మిగిలిన చిక్కు ఒక్కటే: లైను ఎత్తు 32 పెట్టుకుంటే పార్టీ ఊరు "ఇచ్ఛాపురం" వచ్చినప్పుడు ఛవత్తు అడుగు కిందలైను తెల్ల పెట్టె కింద తెగిపోతోంది. "టెక్కలి"కి అలా లేదు.

నాగావళి

రెండు పనులు చెయ్యండి. ప్రతి లైనుకీ వెనక తెల్ల పెట్టె గీయడం మానేసి, బొమ్మంతా మొదట్లో ఒక్కసారే తెల్లగా నింపండి. తెగడం అక్కడే ఆగిపోతుంది. తర్వాత లైను ఎత్తు 32 అని రాసిపెట్టకుండా ఫాంటుని అడగండి: గెట్‌మెట్రిక్స్ అసెంట్ (బేస్‌లైన్ పైన ఎత్తు), డిసెంట్ (కింద లోతు) రెండూ ఇస్తుంది, వాటి మొత్తం మీ కనీస ఎత్తు. ఫాంటు ఫైలులో ఈ విలువలు మూడు చోట్ల ఉంటాయి: హెచ్‌హెచ్‌ఈఏ టేబుల్, ఓఎస్/2 టేబుల్‌లో టైపో విలువలు, విన్ విలువలు. ఫ్రీటైప్ మామూలుగా మొదటిది చూస్తుంది, విండోస్ జీడీఐ విన్ విలువలు చూస్తుంది. అందుకే నోట్‌ప్యాడ్‌లో కనిపించే ఎత్తు మీ బిల్లులో రాదు.

రెండంతస్తుల వత్తులు కొన్ని ఫాంట్లలో డిసెంట్ కన్నా కిందకి పోతాయి. యాంకర్ "ఎల్‌ఎస్"తో టెక్స్ట్‌బీబాక్స్ తీసుకుంటే నాలుగో విలువ బేస్‌లైన్ నుంచి సిరా ఎంత కిందకి దిగిందో చెబుతుంది. అది డిసెంట్ కన్నా ఎక్కువైతే ఆ లైనుకి మాత్రం అంత కలపండి. పరీక్షకి "ఇచ్ఛాపురం", "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ", "శ్రీకూర్మం", "బొబ్బిలి", "నెల్లిమర్ల" పెట్టుకోండి. పైకి పోయే గుడులూ కిందకి దిగే వత్తులూ ఇందులో ఉన్నాయి. ఫాంటు మార్చినప్పుడల్లా ఈ లిస్టు మళ్లీ గీసి చూడండి. గూగుల్ ఫాంట్లలో మన గిడుగు, గురజాడ పేర్లతో ఉన్నవి పెట్టినా సరే, ఒకే 28 సైజులో ఒక్కో ఫాంటు తెలుగు ఒక్కో ఎత్తులో ఉంటుంది.

చంపావతి

దీనికి ఒక్కటి కలుపుతాను. బిల్లు పొడవైతే బొమ్మని ముక్కలుగా పంపుతారు కదా, ప్రతి ముక్కకీ వరసకి బైట్లు 72 అని సరిగ్గా ఇవ్వండి, ఎత్తు ఆ ముక్కదే ఇవ్వండి. ముక్కల మధ్య లైన్‌ఫీడ్ పంపకండి. పంపితే వత్తు మధ్యలో తెల్ల గీత పడి, ఫాంటు తెగినట్టే కనిపిస్తుంది. కాగితం కొయ్యడానికి ముందు ఒక్కసారే ఫీడ్ ఇస్తే సరిపోతుంది.